తేయాకు తోట నేలలో సూక్ష్మజీవుల పటం: నమూనాలు ఎక్కడ తీయాలి?

ప్రశ్న

నమస్కారం. అస్సాంలోని జోర్హాట్ దగ్గర ఒక తేయాకు తోటలో నేల సూక్ష్మజీవుల వైవిధ్యాన్ని పటంగా గీసే పనిలో ఉన్నాను. తోటను 50 మీటర్ల గళ్లుగా విభజించి, ప్రతి గడి మధ్యలో 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, బాక్టీరియా కోసం 16ఎస్, శిలీంధ్రాల కోసం ఐటీఎస్ డీఎన్ఏ భాగాలను చదివించాను. తీరా చూస్తే పక్కపక్క గళ్లకే పొంతన లేదు. మధ్య ఖాళీలను క్రిగింగ్ (చుట్టుపక్కల కొలతల నుంచి, దూరాన్ని బట్టి అంచనా కట్టే) పద్ధతిలో నింపితే ఆ పటాన్ని నమ్మవచ్చా?

జవాబు 1

మీ గడి మధ్య బిందువు ఒకచోట పొద మొదట్లో, ఇంకొకచోట రెండు వరుసల నడుమ పడి ఉంటుంది. చిక్కు అక్కడే మొదలైందని నా అభిప్రాయం. తేయాకు మొక్క అల్యూమినియాన్ని ఆకుల్లో పోగుచేసుకుంటుంది, రాలిన ఆకులతో, కత్తిరించిన కొమ్మలతో అది మళ్లీ నేలకే చేరుతుంది. అమ్మోనియం ఎరువు నైట్రేటుగా మారేటప్పుడు కూడా ఆమ్లం పుడుతుంది. ఈ పంటకు 4.5 నుంచి 5.5 వరకు పీహెచ్ (ఆమ్లత కొలత; ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) అనుకూలం కాగా, ఏళ్ల తరబడి ఎరువు పడిన ముదురు తోటల్లో అది అంతకంటే దిగజారుతుంది. బాక్టీరియా కూర్పును అన్నిటికంటే గట్టిగా శాసించేది పీహెచ్ కాబట్టి, రెండడుగుల దూరంలోనే వేరే లోకం ఎదురుకావచ్చు. ముందుగా రెండు మూడు గళ్లలో 1, 2, 5, 10 మీటర్ల ఎడంతో మట్టి తీసి వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ నమూనాల మధ్య తేడా ఎలా పెరుగుతుందో చూపే గీత) గీయండి. ఒక మీటరు దూరంలో ఉన్నంత తేడాయే 50 మీటర్ల దూరంలోనూ ఉంటే క్రిగింగ్‌కు ఆధారమే లేదు. అప్పుడు అందమైన రంగుల పటం కన్నా, మొక్కల వయసును బట్టి సెక్షన్లవారీగా ఇచ్చే పట్టికే నిజాయితీ గల ఫలితం.

జవాబు 2

పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. డీఎన్ఏ చదివింపులో తెలిసేది ఒక్కో వర్గం వాటా మాత్రమే, సంఖ్య కాదు. పటంలో ఆసిడోబాక్టీరియా అనే బాక్టీరియా వర్గం రంగు ముదిరిందంటే అవి పెరిగాయనే కాదు, మిగతావి తగ్గి ఉండవచ్చు కూడా. క్వాంటిటేటివ్ పీసీఆర్‌తో (డీఎన్ఏ ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కించే పరీక్షతో) మొత్తం పరిమాణాన్ని కొలిస్తే ఆ సందేహం చాలావరకు తీరుతుంది. దిరిసెన జాతి నీడచెట్లు ఎంత దూరంలో ఉన్నాయో కూడా రాసుకోండి; వాటి వేళ్లలో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రతి బిందువు దగ్గర పొద మొదట్లో ఒకటి, వరుసల నడుమ ఒకటి వేర్వేరుగా తీస్తాను. ఈ చలికాలంలో కొమ్మలు కత్తిరించిన సెక్షన్లను వేరుగా లెక్కించాలా?

జవాబు 1

తప్పకుండా. కత్తిరించిన కొమ్మలను నేల మీదే వదిలారా, వంటచెరకుగా తీసుకెళ్లారా అన్నది కూడా అడిగి రాసుకోండి.