డౌన్‌టౌన్ పాత ఆఫీసుల్లో లాఫ్టులు: పన్ను రాయితీ ఎందుకివ్వాలి?

ఫ్రిస్కోవాసి:
శనివారం పిల్లల్ని డాలస్ డౌన్‌టౌన్ తీసుకెళ్లాను. మెయిన్ స్ట్రీట్‌లోని కర్బీ బిల్డింగు 1913లో ఆఫీసుల కోసం కట్టింది, ఇప్పుడు అన్నీ లాఫ్టులే, అంటే ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలున్న ఫ్లాట్లు. అందంగా ఉంది, కాదనను. అయితే ఇలాంటి చారిత్రక భవనాన్ని బాగుచేస్తే అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో, 25 శాతం టెక్సస్ రాష్ట్రం వ్యాపారాలపై వేసే ఫ్రాంచైజ్ పన్నులో తగ్గిస్తారు. ఉన్నవాళ్ల లాఫ్టులకు మనమెందుకు కట్టాలి?

డౌన్‌టౌన్ అద్దెదారు:
అన్నా, మెర్కంటైల్ టవర్ గుర్తుందా? 1943 నాటిది. ఏళ్ల తరబడి తాళాలేసి ఉంది. నగరం కూడా చెయ్యి వేస్తే 2008లో అపార్ట్‌మెంట్లయింది. మరుసటేడు ఎదురుగా మెయిన్ స్ట్రీట్ గార్డెన్ పార్కు వచ్చింది. మీరు పిల్లల్ని ఆడించింది అక్కడేనేమో!

ఫ్రిస్కోవాసి:
అక్కడే. పార్కు వేరు, లాఫ్టు వేరు. లాభముంటే బిల్డరే మార్చుకుంటాడుగా?

సైట్ ఇంజనీర్:
అంత తేలిక కాదండీ. ఏసీలు, ట్యూబులైట్లు లేని రోజుల్లో ఆఫీసుకి వెలుతురూ గాలీ కిటికీల్లోంచే రావాలి. అందుకే అప్పటి భవనాల్లో ఏ బల్లా కిటికీకి మరీ దూరంగా ఉండదు. ఇళ్లకి అదే కలిసొచ్చింది. తర్వాత వచ్చిన అద్దాల టవర్లలో అంతస్తు మధ్యభాగమంతా చీకటి. అక్కడ బెడ్రూమ్ ఎలా పెడతారు? పైగా ఆఫీసుల్లో బాత్రూములన్నీ ఒకేచోట ఉంటాయి, ఇళ్లకైతే ప్రతి ఫ్లాటుకీ పైపులు దింపాలి. రాయితీ కావాలంటే పాత లాబీని, ముఖభాగాన్ని ఇష్టమొచ్చినట్టు పీకడానికీ లేదు. 1965 నాటి ఫస్ట్ నేషనల్ బ్యాంక్ టవర్ చూడండి. 52 అంతస్తులు. హోటల్, అపార్ట్‌మెంట్లు కలిపి 2020లో తెరిచేసరికి దాదాపు 46 కోట్ల డాలర్లయింది. రాయితీ లేకుండా ఎవరు దిగుతారు?

ప్లేనో అమ్మ:
మా ఇంట్లో ఇదే గొడవ. ఆయనకి లాఫ్టు మోజు, నాకు స్కూలు టెన్షన్. ఇంతకీ ఆ ఫ్లాట్లు కొనుక్కోవచ్చా?

సైట్ ఇంజనీర్:
ఫెడరల్ రాయితీ ఆదాయం తెచ్చే భవనాలకే మేడమ్. అందుకే ఎక్కువగా అద్దెకిస్తారు. అయిదేళ్లలోపు అమ్మేస్తే కొంత వెనక్కి కట్టాలి.

ఫ్రిస్కోవాసి:
అంటే ఆరో ఏడు కాండోలు (విడివిడిగా సొంతానికి కొనుక్కునే ఫ్లాట్లు) చేసి అమ్ముకోవచ్చన్నమాట. నా కడుపుమంట సరిగ్గా దానికే సార్.