60 ఇస్తే బ్యారేజీ తలకిందులు, 45 ఇస్తే నిటారు: పర్‌స్పెక్టివ్ కెమెరాలో తప్పెక్కడ?

కృష్ణలంక_కోడర్:

అందరికీ నమస్కారం. సి ప్లస్ ప్లస్, ఓపెన్‌జీఎల్ 3.3 (త్రీడీ బొమ్మలు గీసే గ్రాఫిక్స్ లైబ్రరీ), విండోకి జీఎల్ఎఫ్‌డబ్ల్యూ, లెక్కలకి జీఎల్ఎం వాడుతున్నాను. ప్రకాశం బ్యారేజీ మోడల్‌ని తెర మీద చూపించాలి. కొలత 1 యూనిట్ = 1 మీటరు. బ్యారేజీ ఎక్స్ అక్షం వెంబడి ఉంది, నడిమధ్యన సున్నా. పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70. వై పైకి. కెమెరా నది దిగువన (0, 25, 600) దగ్గర పెట్టాను, చూపు (0, 25, 0) మీదికి. దిగువ నుంచి చూస్తున్నాం కాబట్టి కుడిచేతి వైపు ఇంద్రకీలాద్రి, ఎడమచేతి వైపు సీతానగరం రావాలి.

పర్‌స్పెక్టివ్ ఫంక్షన్‌కి ఇచ్చినవి ఇవి: కోణం 60, ఆస్పెక్ట్‌కి వెడల్పు భాగించు ఎత్తు (1280, 720, రెండూ ఇంట్ వేరియబుల్స్), నియర్ (ఇంతకన్నా దగ్గరివి గీయదు) 0.01, ఫార్ (ఇంతకన్నా దూరానివి గీయదు) 5000.

వచ్చిన బొమ్మ ఏమిటంటే, బ్యారేజీ మొత్తం తెర మధ్యలో 200 పిక్సెళ్ల ముక్కగా, తలకిందులుగా ఉంది. కొండ ఎడమవైపు కింద వేలాడుతోంది. కోణం 45 చేస్తే నిటారుగా నిలబడింది కానీ రెండు చివర్లూ తెర బయటికి పోయాయి. పరీక్ష కోసం మధ్యలో పెట్టిన గోళం అడ్డంగా పడుకున్న కోడిగుడ్డులా ఉంది. అదీకాక గేట్ల కింద నీటి పలకకీ, దానికి 30 సెంటీమీటర్లు కింద ఉన్న కాంక్రీటు పలకకీ మధ్య ఒకటే మిణుకులు, కెమెరా కాస్త కదిలితే చారలు చారలుగా పాకుతున్నాయి. ఫార్ 5000 నుంచి 2000కి తగ్గించినా ఏ మార్పూ లేదు. మూడింటికీ కారణం ఒకటేనా, వేరువేరా?

పటమట_షేడర్:

మూడూ వేరువేరండీ. ఒకదాని మీద ఒకటి పడి గందరగోళంగా కనిపిస్తున్నాయి. 45కి నిటారుగా వచ్చింది కాబట్టి కోణం సరిపోయిందనుకోవద్దు, అసలు చిక్కు అక్కడే ఉంది.

జీఎల్ఎంలో పర్‌స్పెక్టివ్ ఫంక్షన్ కోణాన్ని రేడియన్లలో అడుగుతుంది. పాత గ్లూ పర్‌స్పెక్టివ్ డిగ్రీలు తీసుకునేది, పాత పాఠాలు చూసి రాసేవాళ్లకి ఇక్కడే దెబ్బ తగులుతుంది. మాట్రిక్స్‌లోకి వెళ్లేది 1 ÷ ట్యాన్(కోణంలో సగం). దీన్ని ఎఫ్ అనుకుందాం. మీరు 60 ఇచ్చారు, సగం 30 రేడియన్లు. ట్యాన్ విలువలు ప్రతి పై (3.1416)కీ మళ్లీ మొదలవుతాయి కాబట్టి అందులోంచి 10 పైలు, అంటే 31.416 తీసేస్తే మిగిలేది మైనస్ 1.416 రేడియన్లు, సుమారు మైనస్ 81 డిగ్రీలు. దాని ట్యాన్ మైనస్ 6.4. అప్పుడు ఎఫ్ విలువ మైనస్ 0.156. రావాల్సింది ప్లస్ 1.732. అంటే బొమ్మ 11 రెట్లు చిన్నదైంది, గుర్తు కూడా తిరగబడింది. ఎక్స్, వై రెండు గడుల్లోనూ ఇదే ఎఫ్ ఉంటుంది కాబట్టి కుడి ఎడమలు, పైకిందులు కలిసి తిరిగాయి. మీ కొండ ఎడమవైపు వేలాడింది అందుకే. రెండు అక్షాలూ ఒకేసారి తిరిగితే త్రిభుజాల చుట్టుదిశ మారదు. ఫేస్ కల్లింగ్ (వెనక్కి తిరిగిన త్రిభుజాల్ని గీయకుండా వదిలేయడం) ఆన్‌లో ఉన్నా ఏదీ మాయం కాదు, అందుకని అనుమానం మాట్రిక్స్ మీదికి పోదు.

ఇప్పుడు 45 చూడండి. సగం 22.5 రేడియన్లు. 7 పైలు (21.991) తీసేస్తే 0.509 రేడియన్లు, అంటే 29.15 డిగ్రీలు. మీకు దొరికింది 45 డిగ్రీల కెమెరా కాదు, 58.3 డిగ్రీల కెమెరా. చూడ్డానికి బాగానే ఉంటుంది, అందుకే ప్రమాదం. ఈ 45 చాలా ప్రాజెక్టుల్లో అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎవరో జూమ్ పెట్టి 40 చేయగానే బొమ్మ పెద్దదవడానికి బదులు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. కోణాన్ని జీఎల్ఎం రేడియన్స్ ఫంక్షన్ గుండా పంపండి, విలువ 60 డిగ్రీలే ఉంచండి.

గోళం గుడ్డు కావడానికి కారణం ఇంట్ భాగహారం. సి ప్లస్ ప్లస్‌లో 1280ని 720తో భాగిస్తే 1 వస్తుంది, 1.778 కాదు. అడ్డంగా 1.78 రెట్లు సాగుతుంది. మీ బ్యారేజీ చివర్లు బయటికి పోవడానికీ ముఖ్య కారణం ఇదే. ఒక వేరియబుల్‌ని ఫ్లోట్ చేస్తే చాలు.

ఇక మిణుకులు. ఫార్ తగ్గిస్తే ఏమీ మారకపోవడం సహజం. డెప్త్ బఫర్ (ఒక్కో పిక్సెల్ ఎంత లోతులో ఉందో దాచుకునే చోటు) విలువలు దూరానికి సమంగా పంచబడవు, 1/జెడ్ (జెడ్ అంటే లోతు) ప్రకారం పంచబడతాయి. 24 బిట్లంటే 1,67,77,216 మెట్లు. నియర్ 0.01 పెడితే ఇందులో సగం మెట్లు కెమెరా ముందు 1 సెంటీమీటరు నుంచి 2 సెంటీమీటర్ల మధ్యే ఖర్చయిపోతాయి! ఒక దూరం దగ్గర మెట్టు ఎంత పెద్దదో తెలియాలంటే దూరం వర్గాన్ని నియర్‌తోనూ 1,67,77,216తోనూ భాగించండి. 600 మీటర్ల దగ్గర మీ మెట్టు 3,60,000 ÷ 1,67,772, అంటే 2.15 మీటర్లు. 30 సెంటీమీటర్ల తేడా ఉన్న రెండు పలకలు ఒకే మెట్టు మీద కూర్చుంటున్నాయి, ఏది ముందో గ్రాఫిక్స్ కార్డుకి తెలియదు.

నియర్ 0.1 అయితే మెట్టు 21 సెంటీమీటర్లు, ఇంకా చాలదు. 1 చేస్తే 2.1 సెంటీమీటర్లు. దూరం నుంచి చూసే ఈ కెమెరాకి నియర్ 1 నిశ్చింతగా పెట్టేయండి. ఫార్ 5000 అలాగే ఉండనివ్వండి, దాని వల్ల నష్టం లెక్కలోకి రానంత.

అన్నీ మార్చాక తెర చూసి తృప్తి పడకుండా ఒక్క బిందువుని చేత్తో లెక్కేయండి. బెజవాడ వైపు చివర ఎక్స్ = 611.75, కెమెరా నుంచి లోతు 600. ఎఫ్‌ని ఆస్పెక్ట్‌తో భాగిస్తే 0.974. దాన్ని 611.75తో గుణిస్తే 596. డబ్ల్యూ (చివర్లో భాగించే లోతు) 600 కాబట్టి భాగిస్తే 0.993. తెర ఎడమ అంచు మైనస్ 1, కుడి అంచు 1. 1280 వెడల్పు తెర మీద అది 1275వ పిక్సెల్ దగ్గర పడాలి. పడితే మీ ప్రొజెక్షన్, వ్యూ, మోడల్ మూడూ సరైన వరసలోనే గుణించబడుతున్నాయని అర్థం. షేడర్‌లో (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాం) వరస ప్రొజెక్షన్ × వ్యూ × మోడల్ × బిందువు, ఇది తారుమారైతే ఈ లెక్క అస్సలు కుదరదు.

బ్రాడీపేట_మాట్రిక్స్:

పటమట గారు చెప్పింది సరైనదే. కానీ నియర్ 1 అన్నది దూరపు చూపుకి మాత్రమేనండీ. బ్యారేజీ మీద రోడ్డు వెంట నడిచే కెమెరా కూడా పెడతారేమో, అప్పుడు 1 పనికిరాదు. పక్క రెయిలింగ్ దగ్గరికి వెళ్లగానే కోసేసినట్టు మాయమై నది కనిపిస్తుంది.

నడిచే కెమెరాకి 0.2 పెట్టండి. ఒక మెలిక ఉంది. నియర్ పలక బల్లపరుపు, దాని మూలలు కెమెరాకి నియర్ కన్నా దూరంలో ఉంటాయి. 60 డిగ్రీల నిలువు కోణం, 16:9 తెరకి మూల దూరం నియర్‌కి 1.545 రెట్లు. అంటే 0.2కి 31 సెంటీమీటర్లు. గోడలకి గుద్దుకోకుండా కెమెరా చుట్టూ పెట్టే గోళం వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు పెడితే తెర మూలల్లో గోడ తెగుతుంది. 35 పెట్టండి.

అలా 0.2 పెట్టాక 600 మీటర్ల దగ్గర మెట్టు మళ్లీ 10.7 సెంటీమీటర్లకి వస్తుంది. మీ 30 సెంటీమీటర్ల తేడాని ఎదురుగా చూసినప్పుడు అది చాలు, నీటి మీద ఏటవాలుగా చూసేటప్పుడు ఆ తేడా చూపు దిశలో ఎక్కువే పడుతుంది కాబట్టి అక్కడా ఫరవాలేదు. కానీ రోడ్డు మీద గీసిన తెల్లగీతల లాంటివి ఒక సెంటీమీటరు ఎత్తులో వేరే పలకగా పెట్టి ఉంటే అవి మిణుకుతాయి. నీటి కింద ఉండి పైకి కనిపించని కాంక్రీటుని అసలు గీయకపోవడం అన్నిటికన్నా మంచి మందు.

శాశ్వతంగా కావాలంటే రివర్స్ జెడ్. దగ్గరిది 1, దూరానిది 0 అయ్యేలా మాట్రిక్స్ మార్చి, డెప్త్‌ని 32 బిట్ల ఫ్లోట్‌లో పెట్టడం. 600 మీటర్ల దగ్గర మెట్టు మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువకి దిగుతుంది. చెయ్యాల్సినవి నాలుగు, ఏ ఒక్కటి వదిలినా తెర ఖాళీ, లేదా లాభం సున్నా. క్లిప్ కంట్రోల్‌తో లోతు పరిధిని 0 నుంచి 1కి మార్చాలి. ఇది ఓపెన్‌జీఎల్ 4.5లో వచ్చింది, మీ 3.3 కాంటెక్స్ట్‌లో కావాలంటే ఎక్స్‌టెన్షన్ ఉందో లేదో చూసుకోవాలి. డెప్త్ క్లియర్ విలువ 0 చెయ్యాలి. లోతుల పోలిక లెస్ నుంచి గ్రేటర్‌కి మార్చాలి. విండో ఇచ్చే మామూలు డెప్త్ బఫర్‌ని నమ్ముకోకుండా, 32 ఫ్లోట్ డెప్త్ ఉన్న సొంత ఫ్రేమ్‌బఫర్‌లో (గీసిన బొమ్మ నిలిచే మెమరీ) గీసి తర్వాత తెరకి కాపీ చేసుకోవాలి. క్లిప్ కంట్రోల్ వదిలేసి మైనస్ 1 నుంచి 1 పరిధిలోనే తిప్పితే, ఫ్లోట్‌కి సున్నా దగ్గర ఉండే సూక్ష్మత అంతా ఆ తర్వాత 0 నుంచి 1కి మార్చే కూడికలో కొట్టుకుపోతుంది.

మీ ప్రాజెక్టుకి ఇంతవరకు అవసరం లేదని నా అభిప్రాయం. రెండు కెమెరాలకి రెండు నియర్ విలువలు చాలు.

కృష్ణలంక_కోడర్:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. రేడియన్లు, ఫ్లోట్, నియర్ 1 మార్చాను. చివర 1275వ పిక్సెల్ దగ్గరే పడింది, కొండ కుడివైపుకి వచ్చింది, మిణుకులు పోయాయి. ఇంకో మూడు సందేహాలు.

పై నుంచి కిందికి చూసే వ్యూ పెట్టాను. కెమెరా (0, 900, 0), చూపు (0, 0, 0). తెర అంతా నలుపు. రెండోది, విండోని మినిమైజ్ చేస్తే ప్రోగ్రాం ఆగిపోతోంది. మూడోది, మధ్యలో గోళం ఇప్పుడు గుండ్రంగా ఉంది కానీ అదే గోళాన్ని తెర అంచుకి జరిపితే మళ్లీ సాగుతోంది. ఆస్పెక్ట్ 1.778 అని ప్రింట్ చేసి చూశాను కూడా.

బ్రాడీపేట_మాట్రిక్స్:

పై వ్యూలో లుక్అట్‌కి (కెమెరాని ఒక బిందువు వైపు తిప్పే ఫంక్షన్) అప్ వెక్టర్, అంటే పై దిక్కు, (0, 1, 0) అలాగే ఇచ్చి ఉంటారు. చూపు దిశ (0, మైనస్ 1, 0). రెండూ ఒకే గీత మీద ఉన్నాయి, వాటి క్రాస్ ప్రొడక్ట్ సున్నా, సున్నా పొడవున్న వెక్టర్‌ని నార్మలైజ్ చేస్తే సంఖ్యే కానిది వస్తుంది. అది మాట్రిక్స్ అంతా పాకుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, నలుపు తెర మాత్రం వస్తుంది. అప్‌ని (0, 0, మైనస్ 1) చేయండి. అప్పుడు నది ఎగువ తెర పైభాగాన, బెజవాడ కుడివైపునే ఉంటాయి, ముందు వ్యూతో దిక్కులు కలుస్తాయి. మౌస్‌తో తిప్పే కెమెరా అయితే పైకీ కిందికీ 89 డిగ్రీల దగ్గర ఆపేయండి.

మినిమైజ్ చేస్తే ఫ్రేమ్‌బఫర్ సైజు 0, 0గా వస్తుంది. ఎత్తు 0 అయితే ప్రొజెక్షన్ ముట్టుకోకుండా కాల్‌బ్యాక్ (సైజు మారినప్పుడు పిలవబడే ఫంక్షన్) నుంచి వెనక్కి వచ్చేయండి. ఆ కాల్‌బ్యాక్ కూడా విండో సైజుది కాదు, ఫ్రేమ్‌బఫర్ సైజుది పెట్టుకోండి. రెటినా తెరలున్న మ్యాక్ మీద రెండూ వేరు, విండో సైజుతో వ్యూపోర్ట్ (బొమ్మ గీసే చోటు) పెడితే బొమ్మ ఎడమ కింది పావు భాగంలో ఇరుక్కుంటుంది.

పటమట_షేడర్:

అంచు గోళం సంగతి నేను చెబుతాను. అది తప్పు కాదు. బల్లపరుపు తెర మీద పర్‌స్పెక్టివ్ వేస్తే మధ్య నుంచి ఎంత కోణం పక్కకి పోతే 1 ÷ కాస్(ఆ కోణం) అన్ని రెట్లు గోళం బయటికి సాగుతుంది. మీ నిలువు 60కి అడ్డం కోణం 91.5 డిగ్రీలు, అంచు 45.75 దగ్గర. అక్కడ సాగుడు 1.43 రెట్లు. 50 సెంటీమీటర్ల వెడల్పు మానిటర్‌కి ఎదురుగా, మధ్యలో, 24 సెంటీమీటర్ల దూరంలో ఒక కన్ను పెట్టి చూడండి, ఆ గోళం గుండ్రంగానే కనిపిస్తుంది. అంత దగ్గరగా ఎవరూ కూర్చోరు కాబట్టి సాగినట్టు అనిపిస్తుంది.

తగ్గించాలంటే కోణం తగ్గించి కెమెరాని వెనక్కి జరపాలి. నిలువు 45 అయితే అడ్డం 72.7, అంచు సాగుడు 1.24. బ్యారేజీ పట్టడానికి 611.75 ÷ 0.736, అంటే 831 మీటర్లు వెనక్కి. కొండపల్లి బొమ్మ లాంటి చిన్న వస్తువుని దగ్గరగా చూపించేటప్పుడైతే 25 నుంచి 30 డిగ్రీలు దాటకండి. 60లో అంబారీ ఏనుగు తొండం ముందుకి పొడుచుకొచ్చి, వెనక కాళ్లు పిల్ల ఏనుగువి అయిపోతాయి.

తాడేపల్లి_వెబ్‌జీఎల్:

దీన్నే ఫోన్‌లో చూపించే ఉద్దేశం ఉంటే ఒక్క మాట. ఫంక్షన్‌కి మనం ఇచ్చేది నిలువు కోణం. ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే 9:16, అప్పుడు నిలువు 60కి అడ్డం మిగిలేది 36 డిగ్రీలే. బ్యారేజీ మొత్తం పట్టాలంటే 1884 మీటర్లు వెనక్కి పోవాలి. ఫార్ 1500 పెట్టి ఉంటే అసలు ఏమీ కనపడదు. మీ 5000 ఇక్కడ కాపాడుతుంది.

వెడల్పు ఎత్తు కన్నా తక్కువైతే అడ్డం కోణాన్ని 60 దగ్గర పట్టి ఉంచి, నిలువు కోణాన్ని లెక్కగట్టండి: 2 × ఆర్క్‌ట్యాన్(ట్యాన్ 30 ÷ ఆస్పెక్ట్). 9:16కి నిలువు 91.5 వస్తుంది, దూరం 1060 మీటర్లు. డెప్త్ మెట్టు నియర్ 1కి అక్కడ 6.7 సెంటీమీటర్లు, మీ పలకలకి సరిపోతుంది. త్రీ జేఎస్‌లో (బ్రౌజర్‌లో త్రీడీ గీసే లైబ్రరీ) రాస్తే కోణం డిగ్రీల్లోనే ఇవ్వాలి, అక్కడ రేడియన్లకి మారిస్తే బ్యారేజీలో సుమారు ఒక్క గేటంత భాగమే తెరంతా నిండుతుంది. కోణం గానీ ఆస్పెక్ట్ గానీ మార్చిన ప్రతిసారీ అప్‌డేట్ ప్రొజెక్షన్ మాట్రిక్స్ పిలవాలి, లేకపోతే ఫోన్ తిప్పినా పాత మాట్రిక్సే నడుస్తుంది.

కృష్ణలంక_కోడర్:

అప్ మార్చగానే పై వ్యూ వచ్చింది, ఎగువ పైన, బెజవాడ కుడివైపు. మినిమైజ్ కూడా సరిపోయింది. కోణం 45, దూరం 831 పెట్టాను. నియర్ 1కి మెట్టు 4.1 సెంటీమీటర్లు అని లెక్క వచ్చింది, నీటి దగ్గర మిణుకులు లేవు. రోడ్డు గీతల పలక 1 సెంటీమీటరు ఎత్తులోనే ఉంది, అది మాత్రం ఇంకా పాకుతోంది.

బ్రాడీపేట_మాట్రిక్స్:

ఆ గీతలని వేరే పలకగా ఉంచొద్దు, రోడ్డు టెక్స్‌చర్‌లోనే గీసేయండి. పలకగానే ఉండాలంటే గీతలు గీసేటప్పుడు మాత్రం పాలిగాన్ ఆఫ్‌సెట్ ఫిల్ (లోతుని కాస్త జరిపే సెట్టింగు) ఆన్ చేసి మైనస్ 1, మైనస్ 1 ఇవ్వండి, గీయగానే ఆఫ్ చేయండి. రివర్స్ జెడ్‌కి ఎప్పుడైనా మారితే ఆ గుర్తులు ప్లస్ చేసుకోవాలి.