వాపు తగ్గినా కడుపునొప్పి పోలేదా? క్రోన్స్, కొలైటిస్ (పేగులో ఏళ్లతరబడి వాపు తెచ్చే జబ్బులు) ఉన్నవాళ్ల చర్చ

హంద్రీ (కర్నూలు):
కొలనోస్కోపీ బాగుందన్నాక కూడా నొస్తుంటే మొదట మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చెప్పే ప్రొటీన్) చూపించుకోండి. గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగులో వాపు దాదాపు లేనట్టే. 250 దాటితే జబ్బు తిరగబెట్టిందేమో డాక్టరు చూడాలి. మధ్యలో వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. మోకాళ్లకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగుతుంటే ఆ అంకె పెరగొచ్చు, జబ్బే రేగొచ్చు. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రం సొంతంగా వేసుకోవద్దండీ, వాపు లేని నొప్పికి అది పనిచేయదు.

చిత్రావతి (అనంతపురం):
ఒక్క మాట కలుపుతా. క్రోన్స్‌లో పాత పుండు మాని మచ్చకట్టి పేగు సన్నబడితే కాల్‌ప్రొటెక్టిన్ మామూలుగానే రావచ్చు. తిన్న కాసేపటికి మెలిపెట్టడం, పొట్ట ఉబ్బడం, గుడగుడలు, వాంతి అయ్యాక తేలికపడటం దాని గుర్తులు. ఎంఆర్ ఎంటెరోగ్రఫీలో (చిన్నపేగుకు తీసే ఎంఆర్ఐ స్కాన్) తెలుస్తుంది. అంతవరకు వేయించిన చెనిక్కాయలు, మొక్కజొన్న, పీచున్న మునక్కాయ వద్దు. గ్యాసూ మలమూ ఆగి వాంతులవుతుంటే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పోవాల్సిందే.

గండికోట (కడప):
చిన్నపేగు చివర కోయించుకున్నవాళ్లు నడుం పక్కనుంచి గజ్జల్లోకి దిగే నొప్పిని పేగుదనుకోవద్దు. ఆ భాగం లేక అరగని కొవ్వు క్యాల్షియంను పట్టుకుంటే, విడిగా మిగిలిన ఆక్సలేట్ (పాలకూర లాంటివాటిలో ఉండే పదార్థం) రక్తంలో కలిసి కిడ్నీలో రాళ్లు కడుతుంది. మన ఎండలకు మూత్రం చిక్కబడి ఇంకా తొందరగా! మూత్రం లేతరంగులో ఉండేలా నీళ్లు తాగాలి, పాలకూర తగ్గించాలి.

కొత్త సభ్యుడు (ఆదోని):
అన్ని పరీక్షలూ బాగున్నాయి. ఇంట్లోవాళ్లు టెన్షనే అంటున్నారు. ఉగ్గాని తిన్న రోజు ఎక్కువ.

చిత్రావతి:
నొప్పి నిజమే అన్నా. వాపు పోయినా పేగు నరాలు సున్నితంగానే ఉండిపోవచ్చు, అప్పుడు మామూలు గ్యాసే నొప్పిగా తెలుస్తుంది. ఉగ్గానిలో బొరుగులతో ఇబ్బంది తక్కువ. ఎర్రగడ్డ, పుట్నాలపొడి, పక్కన శనగపిండి బజ్జీ గ్యాస్ పుట్టిస్తాయి, మిరపకారం నరాలను రేపుతుంది. తెల్లగడ్డ రుచి కావాలంటే రెబ్బలు నూనెలో వేయించి తీసేయండి. గ్యాస్ చేసే పిండిపదార్థం నూనెలోకి దిగదు, వాసన దిగుతుంది. గ్యాస్ చేసేవి మాని నాలుగు వారాలు చూసి, ఒక్కో పదార్థాన్నీ మూడు రోజులు కొద్దికొద్దిగా తిరిగి తినండి. బరువు తగ్గుతున్నవాళ్లు డైటీషియన్ లేకుండా ఈ పథ్యం పట్టొద్దు. అప్పటికీ తగ్గకపోతే రాత్రిపూట తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ గురించి డాక్టరును అడగండి. అది డిప్రెషన్‌కని భయపడొద్దు, ఇక్కడ నరాల నొప్పికే ఇస్తారు.

హంద్రీ:
పురీషనాళం దగ్గరే కొలైటిస్ ఉంటే రోజూ విరేచనమవుతున్నా పైన కుడివైపు పెద్దపేగులో మలం నిలిచిపోవచ్చు. అది తెలియడానికి మామూలు పొట్ట ఎక్స్‌రే చాలు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ (రోగనిరోధకశక్తిని తగ్గించి వాపును అణిచే ఇంజెక్షన్లు) మీదున్నవాళ్లకు నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష ఆలస్యం చేయొద్దు.