స్ట్రెథమ్ ఆవిరి పంపు: పొలాలను కాపాడిందా, కుంగదీసిందా?

ఇంజన్_పిచ్చి: ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర ఫెన్స్ అనే పల్లపు భూముల్లో 1831లో కట్టిన పంపుహౌస్ ఇది. అంతకుముందు నాలుగు గాలిమరలు చేసిన పని ఈ ఒక్క ఆవిరి ఇంజన్‌కి అప్పజెప్పారు. పలకలు బిగించిన పెద్ద చక్రం తిరుగుతూ కాలువ నీటిని ఎత్తున ఉన్న నదిలోకి తోసేది. ‘పొలాలను కాపాడిన ఇంజన్’ అని నేను రాస్తే చిత్తడి_నేల గారు అది అబద్ధం అన్నారు. ఎలాగో చెప్పమనండి.

చిత్తడి_నేల: ఆ చక్రమే సాక్ష్యం. మొదట వ్యాసం 29 అడుగులు. తర్వాత 33 చేశారు, 1896లో 37. ఎందుకు పెంచాల్సి వచ్చిందండీ? అక్కడిది పీట్ నేల, అంటే పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళు పేరుకున్న రెల్లు, నాచు. తడిగా ఉన్నంతకాలం నిలుస్తుంది. నీళ్ళు తోడేస్తే గాలి తగిలి కుళ్ళి కరిగిపోతుంది. నేల కుంగింది, కాలువ మట్టం దిగింది, పాత చక్రం పలకలకు నీళ్ళు అందలేదు. తోడేకొద్దీ ఇంకా తోడాలి. అదే ఫెన్స్‌లో హోమ్ ఫెన్ అనే చోట 1851 ప్రాంతంలో నేలమట్టానికి దిగేసిన ఇనుప స్తంభం ఇప్పుడు 4 మీటర్లు పైకి కనబడుతోంది.

లెక్కల_బాబాయ్: 1925కల్లా డీజిల్ వచ్చేసింది, ఇది మూతబడింది. 37 అడుగుల చక్రం తిరిగింది ముప్ఫై ఏళ్ళు కూడా లేదు.

ఇంజన్_పిచ్చి: మూతబడలేదు. స్టాండ్‌బైగా ఉంచారు. చివరిసారి పనికి తిప్పింది 1941లో.

లెక్కల_బాబాయ్: స్టాండ్‌బై అంటే మూసినట్టే.

ఇంజన్_పిచ్చి: డిక్కీలో స్టెప్నీ ఉంటే పారేసినట్టా బాబాయ్?

గట్టుమీద_వాడు: పాప్‌కార్న్ తెచ్చుకుంటా, కానివ్వండి.

ఇంజన్_పిచ్చి: అసలు విషయానికి వద్దాం. నేల కుంగడం 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీర్ వెర్మ్యూడెన్ కాలువలు తవ్వించినప్పుడే మొదలైంది. అప్పటికి ఆవిరి పంపు ఎక్కడిది? వరద వచ్చిన రోజు గాలి వీయకపోతే గాలిమర బొమ్మలా నిలబడుతుంది, పంట మునుగుతుంది. ఆ బాధ నాకు తెలుసు. మా పల్లపు పొలానికి డ్రైనేజీ పంపు మంజూరైనా ఒక ఆఫీసులో ఫైలు కదల్లేదు. కోతకొచ్చిన పంట నీళ్ళలోనే మొలకలెత్తింది. కంకి పట్టుకుంటే చేతికి తెల్లటి మొలకలు తగిలేవి. పుస్తకాలు చదివి చిత్తడి అందం గురించి చెప్పేవాళ్ళకి ఇదేం తెలుస్తుంది?

చిత్తడి_నేల: పుస్తకాలా? మా తాత మడుగులో వల వేసి బతికినవాడు. దాన్ని ఎండగట్టి పొలాలు చేశారు. పట్టాలు ఎవరికొచ్చాయో అడగండి. వలవేసిన ఒక్కడికీ రాలేదు. ఫెన్స్‌లోనూ అదే కథ. 1630ల్లో బెడ్‌ఫర్డ్ ఎర్ల్ అనే ప్రభువు కాలువలకు పెట్టుబడి పెట్టినందుకు ఆయనకీ భాగస్వాములకీ 95,000 ఎకరాలు ఇస్తామన్నారు. చేపలు, బాతులు, రెల్లు నమ్ముకున్నవాళ్ళు కడుపుమండి గట్లు తెగ్గొట్టారు. వాళ్ళనే ‘ఫెన్ టైగర్స్’ అన్నారు. మీ ‘కాపాడిన’లో వాళ్ళు ఎక్కడున్నారు?

ఇంజన్_పిచ్చి: ఇప్పటికి బయటపడ్డారు. మీ గొడవ పీట్ గురించి కాదు, చక్రం గురించీ కాదు. భూమి ఎవరికి దక్కిందన్నదే.

చిత్తడి_నేల: మీ గొడవ మాత్రం 1831 గురించా? మీ ఫైలు గురించేగా!

గట్టుమీద_వాడు: 😂 ఇది పాయింటే.

ఇంజన్_పిచ్చి: సరే, సూటిగా అడుగుతున్నా. పంపులు ఆపేసి మళ్ళీ నీళ్ళు నింపాలంటారా?

చిత్తడి_నేల: పీట్ మిగిలిన చోట నింపాలి. హోమ్ ఫెన్ చుట్టూ ‘గ్రేట్ ఫెన్’ పేరుతో అదే చేస్తున్నారు. పొలాలు కొని తడిగా మారుస్తున్నారు.

ఇంజన్_పిచ్చి: కొంటే డబ్బు పొలం యజమానికి. అందులో పనిచేసే కూలీకి ఏం వస్తుంది? మీ తాతకి జరిగింది వాడికి జరిగితే పర్లేదా?

చిత్తడి_నేల: పర్లేదని నేను ఎక్కడన్నాను? వాడికీ ఇవ్వాలి. మా తాతకి ఎవరూ ఇవ్వలేదు.

లెక్కల_బాబాయ్: కూలీల సంగతి వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. 1941లో ఎన్ని గంటలు తిప్పారో చెప్పండి ముందు.