మెయిల్ సర్వర్ ఓఎస్ మార్చాలా, వద్దా?

మాది పర్లాకిమిడి. ఇక్కడ ఒక జీడిపప్పు కంపెనీలో లెక్కలు చూసేది నేనే, కంప్యూటర్లు చూసేదీ నేనే. మెట్ల కింద ఖాళీ గోనెసంచుల పక్కనున్న పాత సర్వర్‌లో సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మీద మెయిళ్లు పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని ఫోన్లకు, కంప్యూటర్లకు చేర్చే డవ్‌కాట్ నడుస్తున్నాయి. నలభై మంది మెయిళ్లు అందులోనే. కరెంటు ఎన్నిసార్లు పోయినా పాపం మళ్లీ లేచి కూర్చుంది.

కానీ ఆ ఓఎస్‌కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. యజమానితో అంటే, "నడుస్తున్న దాన్ని కెలకడం ఎందుకు బాబూ?" అంటారు.

ఎలివేట్ అనే అప్‌గ్రేడ్ సాధనంతో ఉన్నచోటే, సెంట్‌ఓఎస్ లాంటిదే అయిన ఆల్మాలినక్స్ 8కి వెళ్లవచ్చు. లేదా వేరే యంత్రంలో డెబియన్ 12 అనే మరో లినక్స్ వేసి మెయిళ్లు అందులోకి కాపీ చేయవచ్చు. నా మొగ్గు రెండో దారికే. బెడిసికొడితే పాతది చేతిలో ఉంటుంది. ఎటు వెళ్లినా డవ్‌కాట్ 2.2 నుంచి 2.3కి మారుతుంది, కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగులు కొన్ని తిరగరాయాలి. అది చూసుకుంటాను.

నా భయం వేరు. మెయిళ్లు ఒక్కొక్కటి ఒక్కో ఫైలుగా ఉండే మెయిల్‌డిర్ ఫోల్డర్లను, ఏ మెయిల్‌కు ఏ నంబరో రాసి ఉంచే డవ్‌కాట్ యూఐడీ జాబితా ఫైళ్లతో సహా కాపీ చేస్తే, ఫోన్లలో మెయిళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి దిగకుండా ఉంటాయా? గోదాములో ఇంకా విండోస్ 7 కంప్యూటర్ ఒకటుంది, కొత్త సర్వర్ టీఎల్‌ఎస్ 1.2 (ఎస్‌ఎస్‌ఎల్ తర్వాతి ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అడిగితే దాని అవుట్‌లుక్ మొరాయిస్తుందా? ఈ పని చేసినవారు ఎవరైనా ఉంటే, ముందు ఏది పరీక్షించారో దయచేసి చెప్పండి.