అప్‌డేట్: టైరు గుబ్బలు కోశాను

వానపడితే మా నల్గొండ పానగల్ వైపు నల్లరేగడి గుబ్బల సందుల్లో పట్టుకుని నా ఎంటీబీ (మౌంటెన్ బైక్ సైకిల్) వెనక చక్రం తిరగడం లేదు, టైరు మీద పొడుచుకొచ్చిన ఆ రబ్బరు గుబ్బలు కొన్ని కోయొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. కోశాను. మధ్య వరుసల్లో ఒకటి విడిచి ఒకటి, కటింగ్ ప్లయర్‌తో. సబ్బునీళ్లు రాస్తే రబ్బరు మెత్తగా తెగుతుంది. అడుగున ఒక మిల్లీమీటరు వదిలేశాను. అంతకంటే లోతుకెళ్తే లోపలి గుడ్డపొర బయటపడుతుంది. మొదటి గుబ్బ కోసేటప్పుడు భలే టెన్షన్! మలుపుల్లో పట్టు పోకూడదని అంచు గుబ్బలు ముట్టుకోలేదు. నిన్న వానలోనే వెళ్లాను. మట్టి అంటుకుంది కానీ, నాలుగు చుట్లు తిరిగేసరికి పెళ్లలుగా రాలిపోయింది. చాలా సంతోషం అన్నలూ! తారురోడ్డు మీద మాత్రం గుర్రుమనే చప్పుడు పెరిగింది. ముందు టైరు అలాగే ఉంచుతున్నాను.