ప్రాథమిక బడి నుంచి హైస్కూలుకు వెళ్తున్న బాబును జూన్ 12 లోపు ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: హనుమకొండ జిల్లా నుంచి ఒక తల్లి

మా బాబుకు పదకొండేళ్లు. ఆటిజం ఉన్నదని చిన్నతనంలోనే వైద్యులు నిర్ధారించారు. బాగా మాట్లాడతాడు, లెక్కలు ఇష్టంగా చేస్తాడు, అయితే ముందుగా చెప్పకుండా ఏదైనా మారితే తట్టుకోలేక చెవులు మూసుకుని ఒక మూలకు వెళ్లిపోతాడు. ఇంతవరకు మా ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో, తనను బాగా ఎరిగిన ఇద్దరు ఉపాధ్యాయుల దగ్గర చదువుకున్నాడు. జూన్ 12న బడులు తెరిచాక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో చేరాలి. అక్కడ సబ్జెక్టుకొక ఉపాధ్యాయుడు, పీరియడ్ మారినప్పుడల్లా గంట, వందల మంది పిల్లలు. "నేను ఏ బెంచీ మీద కూర్చోవాలి? గంట ఎంత గట్టిగా మోగుతుంది?" అని రోజూ అడుగుతున్నాడు, నా దగ్గర సమాధానం లేదు.

ఎనిమిదో తరగతికి వెళ్తున్న మా పాపకు ఇటువంటి ఇబ్బంది ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు, కానీ ఆమె కూడా బడి మాట ఎత్తగానే కడుపునొప్పి అంటున్నది. సెలవుల్లో ఇద్దరూ అర్ధరాత్రి దాటాక పడుకుని పొద్దెక్కాక లేస్తున్నారు. మిగిలిన మూడు వారాల్లో ఇంట్లో ఏమేమి చేయాలో, బాబు సంగతి బడిలో ఎవరికి, ఎంతవరకు చెప్పాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1: భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయురాలు

అమ్మా, మీ బాబు అడుగుతున్నవి రెండూ సరైన ప్రశ్నలే. వాటికి జవాబు ఇంట్లో దొరకదు, ఆ బడికి వెళ్తేనే దొరుకుతుంది. జూన్ మొదటి వారంలో, పిల్లలను ప్రభుత్వ బడుల్లో చేర్పించే బడిబాట కార్యక్రమం మొదలవుతుంది కనుక తరగతులు లేకపోయినా ప్రధానోపాధ్యాయులు, కొందరు ఉపాధ్యాయులు అందుబాటులో ఉంటారు. ముందుగా మాట్లాడుకుని, పిల్లలెవరూ లేని ఒక ఉదయం బాబును తీసుకెళ్లండి. గేటు, ఆరో తరగతి గది, మంచినీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం వడ్డించే వరండా, ప్రార్థన జరిగే స్థలం, ఇవన్నీ బాబు చేతనే ఫోన్‌లో ఫొటోలు తీయించండి. వాటిని ప్రింటు తీయించి, ఒక నోటుబుక్కులో అంటించి, ప్రతి ఫొటో కింద ఒక్క వాక్యం బాబు చేతనే రాయించండి. "ప్రార్థన అయ్యాక మేము వరుసలో ఈ మెట్లు ఎక్కుతాం" వంటి వాక్యం సరిపోతుంది. బడి తెరిచే రోజు వరకు రాత్రి పడుకునే ముందు ఆ పుస్తకం తిరగేస్తే కొత్త చోటు మెల్లగా తెలిసిన చోటు అవుతుంది.

గంట విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చాలా బడుల్లో ఇప్పటికీ చెట్టుకో వరండా దూలానికో వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొడతారు, కొన్ని బడుల్లో కరెంటు గంట ఉంటుంది. రెండింటి మోతకూ చాలా తేడా ఉంటుంది కనుక, ఏదో ఒక గంట శబ్దాన్ని ఫోన్‌లో వినిపించి అలవాటు చేయడం వల్ల ప్రయోజనం ఉండదు. ఆ బడి గంటనే, బాబు గేటు దగ్గర నిలబడి ఉండగా ఒకసారి కొట్టమని అటెండరును అడగండి. తరువాత బాబు ఒప్పుకుంటేనే వరండా దగ్గర, ఆపైన తరగతి గదిలో నిలబడి వినాలి. కడ్డీని బాబు చేతికే ఇచ్చి కొట్టనిస్తే మరీ మంచిది, ఎందుకంటే తాము చేసిన శబ్దానికి చాలామంది పిల్లలు అంతగా ఉలిక్కిపడరు.

ఒక జాగ్రత్త. మొదటి రోజుల్లో టైంటేబుల్ ఖరారు కాదు, పుస్తకాలు పంచుతారు, కొత్త చేరికలు జరుగుతుంటాయి, గదులు కూడా మారవచ్చు. అందుచేత "ఇదే నీ బెంచీ" అని ఖాయంగా చెప్పకండి. "మొదటి వారంలో మార్పులుంటాయి, మార్పు ఉన్న రోజు క్లాస్ టీచరు నీకు ముందే చెబుతారు" అని చెప్పి, ఆ మాట నిలబడేలా టీచరుతో మీరు మాట్లాడుకోండి. "ఏమీ కాదులే" అనే మాట మాత్రం వద్దు. అయినప్పుడు ఏం చేయాలో తెలిసిన బిడ్డే ధైర్యంగా ఉంటాడు.

జవాబు 2: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, బడిలో ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు నాకు తెలిసింది రాస్తున్నాను. హైస్కూలులో ఆరేడుగురు ఉపాధ్యాయులు ఒకే తరగతికి వస్తారు. ప్రధానోపాధ్యాయులకు నోటితో చెప్పిన మాట సైన్సు టీచరు దాకా చేరుతుందన్న నమ్మకం లేదు. ఒక్క పేజీలో రాసి ఇవ్వండి. జబ్బు పేర్లతో, రిపోర్టుల భాషతో నింపిన పేజీ మాకు తరగతిలో ఉపయోగపడదు. "గట్టిగా అరిస్తే చెవులు మూసుకుంటాడు, అది ధిక్కారం కాదు, ఆ సమయంలో ప్రశ్నలు వేయకుండా అయిదు నిమిషాలు కిటికీ పక్కన కూర్చోనిస్తే తానే వస్తాడు, బోర్డు మీది నుంచి ఎక్కించుకోవడం ఆలస్యమవుతుంది, పక్కవారి నోట్సు ఇప్పించండి" అని రాస్తే ఏ ఉపాధ్యాయుడైనా ఆ క్షణంలో ఏం చేయాలో తెలుసుకుంటాడు. బాబు ఇష్టాలు కూడా రెండు వాక్యాలు రాయండి. లెక్కలంటే ఇష్టమని తెలిస్తే మొదటి వారంలోనే బోర్డు దగ్గరకు ఆదరంగా పిలిచే అవకాశం నాలాంటివాడికి దొరుకుతుంది.

హక్కుల సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (డిస్లెక్సియా వంటివి, అంటే చదవడంలో, రాయడంలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు) ఉన్నాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే ఇబ్బంది) ఆ జాబితాలో విడిగా లేదు, కనుక అది ఉన్న పిల్లల తల్లిదండ్రులు వైద్యుల నివేదికను ఆధారంగా చేసుకుని బడితో మాట్లాడుకోవాలి. 16వ సెక్షన్ ప్రకారం వైకల్యం కారణంగా చేర్చుకోవడంలో వివక్ష చూపకూడదు, అవసరమైన సర్దుబాట్లు చేయాలి. 17వ సెక్షన్‌లో పరీక్షలకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల మినహాయింపు వంటి మార్పుల ప్రస్తావన ఉంది. యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఇంకా లేకపోతే స్వావలంబన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు ఇప్పుడే మొదలుపెట్టండి, పదో తరగతి పరీక్షల దాకా ఆగితే ఆఖరి నిమిషంలో పరుగులు పెట్టాల్సి వస్తుంది. నిర్ధారణ ఇంకా జరగని పిల్లలను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) తీసుకెళ్లవచ్చు.

జవాబు 3: గుంటూరు నుంచి ఒక తండ్రి

అమ్మా, నేను మీ పాప గురించి రాస్తాను, ఎందుకంటే ఇటువంటి ఇళ్లలో పేరు పెట్టిన ఇబ్బంది ఉన్న బిడ్డ మీదే అందరి దృష్టీ ఉంటుంది. మా అమ్మాయికి డిస్లెక్సియా ఉంది, ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చింది. ఈ వయసులో కడుపునొప్పికి కారణం చదువే అనుకోకండి. నొప్పి నిజంగానే ఉండవచ్చు కనుక ఒకసారి డాక్టరుకు చూపించి, తరువాత నెమ్మదిగా ఆరా తీయండి. భోజనం వేళ ఎవరి పక్కన కూర్చుంటుంది? పాత స్నేహితురాలు వేరే సెక్షనుకు మారిందా? నెలసరి సమయంలో బడిలో ఎలా నెట్టుకొస్తున్నది? మరుగుదొడ్డి బాగుండదని ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్లలు మన బడుల్లో ఎందరో ఉన్నారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు, బట్టలు మడత పెడుతూనో కూరగాయలు తరుగుతూనో అడిగితే చెబుతారు. మా అమ్మాయి ఇటువంటి మాటలు నాకంటే వాళ్ల అమ్మతోనే ఎక్కువ చెప్పింది.

నిద్ర విషయంలో ఒక్కసారిగా తొమ్మిదింటికి పడుకోమంటే కుదరదు. మొదట, లేచే వేళను రెండు మూడు రోజులకొకసారి ఒక పావుగంట త్వరగా ఉండేలా జరపండి, పడుకునే వేళ కూడా దానంతట అదే త్వరగా అవుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర అవసరం. యూనిఫాం కుట్టించగానే నాలుగైదు సార్లు ఉతికి గంజి పోగొట్టండి, కాలరు వెనుక లేబుల్ కత్తిరించండి, కొత్త బూట్లు ఇంట్లోనే కాసేపు తొడిగించండి. మీ దగ్గరా మా దగ్గరా ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది. ఇంగ్లీషు మాధ్యమంలో తడబడే పిల్లలకు ముందుగా తెలుగు పేజీ చదివి వినిపించి, మర్నాడు ఇంగ్లీషు పేజీకి వెళ్తే పాఠం అర్థమయ్యాక చదవడం మీదనే శ్రమ పెట్టగలుగుతారు.

జవాబు 4: ఆటిజం ఉన్న డిగ్రీ విద్యార్థి

పెద్దలందరూ మంచి మాటలే చెప్పారు, అయినా ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. ఫొటోల పుస్తకాన్ని ప్రతి రాత్రీ తప్పనిసరిగా తిరగేయించవద్దు. రోజూ గుర్తు చేస్తే కొందరికి ధైర్యం వస్తుంది, నాలాంటివారికి మాత్రం ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా భయం మళ్లీ మొదలవుతుంది. పుస్తకం అందేచోట పెట్టి, ఎప్పుడు చూడాలో బాబునే నిర్ణయించుకోనివ్వండి.

ఉపాధ్యాయులకు ఇచ్చే ఆ పేజీని ముందు బాబుకు చదివి వినిపించండి. తన గురించి తోటి పిల్లలకు ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో బాబు మాటే చెల్లాలి. ఉపాధ్యాయులు జాలితో తరగతి మొత్తానికి ప్రకటించే ప్రమాదం ఉంది కనుక, "తరగతిలో చెప్పవద్దు" అని ఆ పేజీలోనే రాయండి. బడి నుంచి రాగానే "ఈ రోజు ఏం జరిగింది?" అని అడగడం కూడా కొంతకాలం మానుకోవాలి. రోజంతా శబ్దాన్ని, మనుషులను ఓర్చుకుని వచ్చిన బాబుకు తిండి పెట్టి, ఒక గంట ఎవరూ పలకరించకుండా వదిలేస్తే, రాత్రి అన్నం దగ్గర తానే చెబుతాడు. బడిలో బుద్ధిగా ఉండి ఇంటికి రాగానే అరిచి ఏడిస్తే అది మొండితనం కాదు, దాచుకున్న అలసట బయటపడటం.

ప్రశ్న వేసిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. పేజీ రాయడం మొదలుపెట్టాను, బాబుకు చదివి వినిపిస్తే "కిటికీ పక్కన కాదు, తలుపు పక్కన అని రాయమ్మా" అన్నాడు, మార్చాను. పాపను రేపు డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను. ఆ పేజీని ప్రధానోపాధ్యాయులకే ఇస్తే చాలునా?

జవాబు 2 రాసిన ఉపాధ్యాయుడు:

చాలదమ్మా. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, మీ ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. క్లాస్ టీచరు ఎవరన్నది బడి తెరిచాకే ఖరారు కావచ్చు, ఆ పేరు తెలియగానే ఇంకొక ప్రతి వారికి మీరే స్వయంగా అందించండి. ఆ రోజు బాబు కూడా పక్కన ఉంటే మేలు, ఎవరి దగ్గరకు వెళ్లి అడగాలో ముఖం తెలుస్తుంది.